ఒక్క యూనిట్‌ దాటితే మోతే!
గృహ విద్యుత్తుకు స్థిర ధర లేదు.. శ్లాబు లెక్క తెలిస్తేనే ఆదా

వాడపల్లి (దామరచర్ల): అమెరికాలోని టెక్సాస్‌లో చాలా ప్రాంతాల్లో గృహ వినియోగదారులు ఏడాదికో, రెండేళ్లకో ఒకే ధరకు కరెంటు కొనేలా కంపెనీతో ఒప్పందం చేసుకోవచ్చు. మార్కెట్‌ను బట్టి మారే ధరనూ ఎంచుకోవచ్చు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మారే ధరను ఎంచుకున్న కొందరికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. కృష్ణా, మూసీ సంగమ తీరాన ఉన్న వాడపల్లి వాసులకు అలాంటి ఎంపిక లేదు. మండలంలోనే 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్‌ కేంద్రం ఉన్నా ఇక్కడి ఇళ్లకు ప్రత్యేక ధర ఏమీ లేదు. రాష్ట్రమంతటికీ విద్యుత్తు నియంత్రణ మండలి నిర్ణయించిన ధరలే వర్తిస్తాయి.

లెక్క ఇదీ..
2022-23లో అమలులోకి వచ్చిన గృహ ధరలను 2025-26లోనూ పెంచలేదు. నెల వాడకం 100 యూనిట్లలోపైతే తొలి 50కి యూనిట్‌కు రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. వాడకం 200లోపైతే తొలి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80. అది 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, ఆపైన 300 వరకు రూ.7.70 చొప్పున లెక్కిస్తారు.

దీని ప్రకారం 200 యూనిట్లకు రూ.820 అవుతుంది. 201 యూనిట్లకు రూ.1,027.70 అవుతుంది. అంటే ఒక్క యూనిట్‌కు రూ.207.70 అదనం. స్థిర ఛార్జీలు, విద్యుత్తు సుంకం వేరు.

గృహజ్యోతి లబ్ధిదారులకు..
2024 మార్చి బిల్లుల నుంచి అమలైన గృహజ్యోతి పథకంలో అర్హులకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. పరిమితి దాటితే మొత్తం వాడకానికీ చెల్లించాలి. 201వ యూనిట్‌ వారికి వెయ్యి రూపాయలకు పైగా భారమవుతుంది.

ఏం చేయాలి?
30 రోజుల బిల్లుకు రోజువారీ వాడకం ఆరున్నర యూనిట్లు మించరాదు. గత బిల్లులోని రీడింగ్‌ను గోడ క్యాలెండర్‌పై రాసుకోవాలి. ఇరవయ్యో రోజున మీటరు చూసి, వాడకం 133 యూనిట్లు దాటిందంటే జాగ్రత్త పడాలి. టన్నున్నర ఏసీ నాలుగు గంటలు నడిస్తే సుమారు ఆరు యూనిట్లు ఖర్చవుతుంది. అంటే దాదాపు ఆ రోజు వాటా అంతా దానికే సరిపోతుంది.

సౌర ఫలకాలు ఎవరికి?
ఏటా చాలా నెలలు 200 దాటే కుటుంబాలకు స్థిర ధరకు దగ్గరైన మార్గం పైకప్పు సౌర విద్యుత్తే. ఒకసారి పెట్టుబడి పెడితే ఆ మేరకు ధరల పెంపు భయం ఉండదు. 2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్‌ పథకంలో 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ ప్రకటించారు. కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. ఇప్పటికే సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికి మాత్రం ఈ పెట్టుబడితో మిగిలేది స్వల్పమే. వారికి మీటరుపై కన్నేసి ఉంచడమే లాభం.