ఏజెన్సీ భూముల శాసనం: పుట్టుపూర్వోత్తరాలు

ఉభయ తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాలలో "1/70 చట్టం" అనే మాట వినని వారు అరుదు. పోడు భూమి సాగుచేసుకొనే గిరిజన రైతు మొదలు న్యాయస్థానంలో వాదించే న్యాయవాది వరకు అందరి నోటా ఆ పేరే వినిపిస్తుంది. కాని ఆ పేరుతో స్వతంత్రమైన చట్టమేదీ లేదు. 1970వ సంవత్సరపు 1వ రెగ్యులేషను అని దాని అర్థం. అది 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషనుకు వచ్చిన సవరణ మాత్రమే. ఆ 1959 శాసనానికి ముందు మరొకటి, దానికి ముందు వేరొకటి ఉన్నాయి. ఒక రాష్ట్ర శాసనం మూలాన్ని అన్వేషించడమంటే ఈ మెట్లను ఒక్కొక్కటిగా దిగి చూడడమే.

శాసన పాఠమే తొలి ఆధారం

పరిశోధకుడు మొదట గమనించవలసినవి నాలుగు: శాసనం సంఖ్య, దానిని చేసిన అధికారి లేదా సభ, అది వర్తించే ప్రాంతం, అది రద్దు చేసిన పూర్వ శాసనం. 1959 రెగ్యులేషనును శాసనసభ చేయలేదు. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు ఇచ్చిన అధికారంతో గవర్నరు జారీ చేశారు. ఇట్టి రెగ్యులేషనుకు ముందు గిరిజన సలహామండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం పొందాలి. కనుక శాసనసభ చర్చల సంపుటాలలో మాత్రమే దీని పుట్టుకను వెతికితే ఫలితం స్వల్పం.

ఇక రద్దు నిబంధనను చూస్తే, అందులో 1917 నాటి మద్రాసు 1వ చట్టం కనిపిస్తుంది. ఏజెన్సీలోని కొండజాతుల వారు తమ భూమిని తమవంటి కొండజాతి వారికి తప్ప ఇతరులకు బదిలీ చేస్తే, ప్రభుత్వ ఏజెంటు ముందస్తు లిఖిత అనుమతి లేని పక్షంలో అది చెల్లదని ఆ చట్టం నిర్దేశించింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరిన గంజాం, కోరాపుట్ ఏజెన్సీలలో సైతం ఇదే చట్టం కొనసాగింది. అక్కడ 1956లో వచ్చిన 2వ రెగ్యులేషను దాని స్థానాన్ని ఆక్రమించింది. భాషలు వేరైనా, ఇరుగు పొరుగు రాష్ట్రాల గిరిజనులకు రక్షణ కల్పించిన ఈ శాసనాల మూలం ఒక్కటే.

ఏజెంటు ఎవరు?

1917 చట్టంలోని "ఏజెంటు" అనే మాట మనలను ఇంకా వెనుకకు, 1839 నాటి 24వ చట్టం దగ్గరకు తీసుకొనిపోతుంది. 1830 దశకంలో పర్లాకిమిడి, గుంసూరు ప్రాంతాలలో చెలరేగిన తిరుగుబాట్లను విచారించడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను పంపింది. మైదాన ప్రాంతపు సాధారణ న్యాయవిధానం కొండలకు పనికిరాదని ఆయన సూచించారు. దాని ఫలితంగా గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధినుండి తొలగించి, అక్కడి కలెక్టర్లను గవర్నరు ఏజెంట్లుగా నియమించారు. "ఏజెన్సీ" అన్న పేరు ఈ విధంగా పుట్టినదే. ఈ చట్టం మద్రాసులో గాక కలకత్తాలో తయారయింది. 1833 చార్టరు చట్టం మద్రాసు ప్రభుత్వపు శాసనాధికారాన్ని తీసివేయగా, 1861లో గాని అది తిరిగి రాలేదు. అందువల్ల ఆ మధ్యకాలపు శాసనాల మూలపత్రాలకోసం న్యూఢిల్లీలోని జాతీయ పురాలేఖాగారాన్ని కూడ ఆశ్రయించవలసి ఉంటుంది.

గోదావరి మన్యంలో 1879లో రంప తిరుగుబాటు వచ్చింది. కల్లుపై పన్ను, మన్సబుదారు ఒత్తిడి, మైదానపు వ్యాపారులు అప్పులకింద గిరిజనుల ఆస్తులను హరించడం దానికి ముఖ్య కారణాలు. భూమి చేజారిపోతే కొండలలో శాంతి నిలవదన్న గుణపాఠం 1917 చట్టానికి వెనుక ఉన్నది.

రెండవ పాయ

హైదరాబాదు రాజ్యంలో చరిత్ర వేరు. అక్కడ ఆదిలాబాదు గోండుల భూములు అన్యాక్రాంతం కావడం, అటవీ నిర్బంధాలు ఆందోళనకు దారితీశాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించారు. అటుపిమ్మట మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ అధ్యయనాల ప్రభావంతో గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వెలువడింది. దానిపై కనిపించే సంవత్సరం 1356 ఫసలీ. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. అయితే ఫసలీ సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో జూలైలోను, హైదరాబాదులో అక్టోబరులోను మొదలయ్యేది. ఈ తేడాను గమనించకపోతే కాలనిర్ణయం కొన్ని నెలలు తప్పుతుంది.

1956లో రెండు ప్రాంతాలు ఒకే రాష్ట్రమైన తరువాత కూడ శాసనాలు వెంటనే ఏకం కాలేదు. 1959 రెగ్యులేషను తెలంగాణ ప్రాంతానికి 1963లో మాత్రమే విస్తరించింది. ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. భద్రాచలం నేడు తెలంగాణలో ఉన్నా, 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. కనుక దాని పూర్వ శాసనం మద్రాసుది గాని, హైదరాబాదుది కాదు. నేటి జిల్లా సరిహద్దు చూసి నాటి చట్టాన్ని నిర్ణయించరాదు.

ఈ అన్వేషణ ఎందుకు?

1959 శాసనం గిరిజనుడి చేతినుండి జరిగే బదలాయింపును అరికట్టింది గాని, గిరిజనేతరుల మధ్య జరిగే అమ్మకాలను ఆపలేదు. 1970 సవరణ ఆ సందును మూసివేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఎవరు అమ్మినా కొనేవాడు గిరిజనుడే కావాలన్నది. గిరిజనేతరుని స్వాధీనంలోని భూమి, అతడు వేరుగా రుజువు చేయనంతవరకు, గిరిజనునినుండి సంక్రమించినదేనని భావించాలన్నది. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. అయితే రెగ్యులేషను నిషేధాలు అవి అమలులోకి రాకముందు జరిగిన బదలాయింపులకు వర్తించవని 1995లో స్పష్టం చేసింది. కాబట్టి ఒక పొలం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం, ఆ అమ్మకం ఏ తేదీన, ఏ శాసనం నడిచిన ప్రాంతంలో జరిగిందన్న దానిపై ఆధారపడుతుంది.

2014లో రాష్ట్రం విడిపోయినా ఈ శాసనం ఉభయ రాష్ట్రాలలోను కొనసాగింది. ప్రభుత్వాలు మారినా, సరిహద్దులు మారినా, అధికారముగల సభ మార్చేవరకు పూర్వ శాసనాలు నిలిచి ఉంటాయన్న సూత్రాన్ని రాజ్యాంగం 372వ అధికరణంలో పొందుపరచింది. అందుచేత పాత గెజిట్లను, పురాలేఖాగారాలలోని దస్తావేజులను భద్రపరచడం చరిత్రకారుల అవసరం మాత్రమే కాదు. కొండవాలున ఒక ఎకరం సాగుచేసుకొనే కుటుంబపు హక్కు కూడ ఆ కాగితాలపైనే నిలిచి ఉన్నది.