పాత సైకిలుకు పునర్జీవనము

ఇంగ్లండు దేశపు పట్టణములలో ఇల్లు మారువారును, పెద్దల కాలపు ఇండ్లను ఖాళీ చేయువారును తమకు అక్కరలేని వస్తువులను గుమ్మము ముందర ఉంచి, కావలసినవారు ఉచితముగా తీసికొని పోవచ్చునని చీటి కట్టుట కలదు. అట్టి వస్తువులలో అప్పుడప్పుడు ఒక పాత సైకిలు కూడ ఉండును. దాని టైర్లు చీలికలు వారియుండును. చైను తుప్పుతో బిగిసియుండును. సీటు తోలు ఎండి ముడుచుకొనియుండును. పాత ఇనుము కొనువాడు దానికి ఇచ్చు వెల అత్యల్పము. అయినను ఆ తుప్పు క్రింద 60, 70 ఏండ్లనాడు నిపుణులైన పనివారు చేసిన చక్కని సైకిలు దాగియుండవచ్చును. దానిని గుర్తించి, బాగుచేసి, మరల దారి పట్టించుట ఒక విద్య. ఆ విద్యకు సుత్తికంటెను, పానాకంటెను ముందుగా కావలసినవి చూడ నేర్చిన కన్ను, తొందరపడని చేయి.

ఉచితముగా దొరకిన సైకిలు విషయమున మొదటి పని దాని యజమాని ఎవరో తెలిసికొనుట. గోడకు చేరవేసియున్నంత మాత్రమున అది విడిచిపెట్టబడినదని తలపరాదు. ఎవరో దొంగిలించి అచ్చట వదలియుండవచ్చును. కావున ఇంటివారినడిగి అనుమతి పొందవలెను. అడుగుటకు ఎవరును లేనిచో, ఫ్రేముపై గ్రుద్దిన సంఖ్యను వ్రాసికొని పోలీసువారికి తెలుపవలెను. పరుల సొత్తును బాగుచేసినంత మాత్రమున అది బాగుచేసినవానిది కాజాలదు.

రెండవ పని దానిని చదువుట. పాత సైకిలు దొరకినవెంటనే గరుకు కాగితముతో తోమి, కొత్త రంగు వేయవలెనని పెక్కుమందికి తోచును. ఇంతకంటె పొరపాటు లేదు. సైకిలు ఎవరు చేసినది, ఎప్పుడు చేసినది, ఎట్టి ఉక్కుతో చేసినది అను విషయములను తెలుపు గుర్తులు ఆ పాత రంగుమీదనే ఉండును. ఒక గంట తోముటతో అవి శాశ్వతముగా నశించును. కావున నీరు తగులకముందే నాలుగు వైపులనుండి ఛాయాచిత్రములు తీసి, ప్రతి తీగ ఏ దారిని పోవుచున్నదో, ప్రతి భాగముపై ఏమి వ్రాయబడియున్నదో పుస్తకమున గుర్తుంచుకొనవలెను.

ఇందుకు 1950 దశకమున నాటింగ్‌హాము నగరములో తయారైన ‘లెంటన్’ అను సైకిలును ఉదాహరణముగా గైకొనవచ్చును. దీనిని చేసినవారు రాలీ కంపెనీవారు. నాటింగ్‌హాములోని రాలీ వీధియందలి ఒక చిన్న పనిశాలను ఫ్రాంక్ బౌడెన్ అను వ్యాపారి చేపట్టి, 1888లో రాలీ సైకిలు కంపెనీగా వృద్ధిచేసెను. ఆ కర్మాగారము ప్రపంచమందలి పెద్ద సైకిలు కర్మాగారములలో ఒకటి అయ్యెను. అది వెలసిన లెంటన్ ప్రాంతము పేరే ఈ సైకిలుకు పెట్టబడినది. 2002లో నాటింగ్‌హామున సైకిళ్ల తయారీ ఆగిపోయెను. ఆ స్థలములో కొంత భాగమున నేడు నాటింగ్‌హాము విశ్వవిద్యాలయపు భవనములున్నవి.

రాలీ పేరు తెలుగువారికి కొత్తది కాదు. ఒకప్పుడు పల్లెలలో రాలీ సైకిలు ఉన్న ఇంటికి ఒక గౌరవము ఉండెడిది. 1952లో వంగరాష్ట్రమందలి ఆసన్సోలు దగ్గర సెన్-రాలీవారి కర్మాగారము వెలసెను. తరువాతి కాలమున అది మూతపడెను. అంతకుముందే 1949లో మద్రాసు సమీపమున అంబత్తూరులో హెర్క్యులిస్ సైకిళ్లను చేయుటకై ఒక కంపెనీ ఏర్పడియుండెను. కావున ఇక్కడ చెప్పబోవు పద్ధతి ఇంగ్లండునందలి గుమ్మముల ముందరి సైకిళ్లకే కాక, తెలుగు పల్లెలలో కొట్టముల మూలల పడియున్న పాత సైకిళ్లకును చాల వరకు చెల్లును.

సైకిలు ముందర, హ్యాండిలు క్రింది గొట్టముపై లోహపు బిళ్ల ఒకటి ఉండును. అందు తయారుచేసినవారి పేరును, చిహ్నమును కనబడును. రాలీవారి చిహ్నము నారాయణపక్షి తల. పలు రాలీ సైకిళ్లలో పెడళ్ల నడుమనున్న పండ్లచక్రమున సయితము ఈ పక్షి ఆకారము చెక్కబడియుండును. బిళ్ల ఊడిపోయినను, దానిని బిగించిన రంధ్రముల తీరునుబట్టి, చక్రముపై గల పక్షినిబట్టి సైకిలు వంశమును ఊహింపవచ్చును.

సీటు క్రింది గొట్టముపై కొన్నిటికి ‘రేనాల్డ్సు 531’ అను చిన్న అంటింపు ఉండును. ఇది చాల విలువగల గుర్తు. బర్మింగ్‌హాముననుండిన రేనాల్డ్సు కంపెనీవారు 1935లో మాంగనీసు, మాలిబ్డినము చేర్చిన ఈ ఉక్కును వెలువరించిరి. సామాన్యపు ఉక్కుకంటె ఇది బలమైనది. కావున గొట్టపు గోడను పలుచన చేసి సైకిలు బరువును తగ్గింపవచ్చును. అంటింపు చెరిగిపోయినచో కొలతలు సాక్ష్యము చెప్పును. ఇంగ్లండు సైకిళ్ల సీటు గొట్టము వెలుపలి వ్యాసము సాధారణముగా 28.6 మిల్లీమీటర్లు. దానిలో దూరు సీటు కంబము వ్యాసము 27.2 మిల్లీమీటర్లయినచో, గొట్టపు గోడ మందము రమారమి 0.7 మిల్లీమీటరు మాత్రమే. అది మేలైన ఉక్కు కావలెను. కంబము 25.4 మిల్లీమీటర్లయినచో గోడ మందము అంతకు రెట్టింపుకంటె ఎక్కువ. అది సామాన్యపు ఉక్కు అని తలపవచ్చును.

ఇక వయస్సు. వెనుక చక్రపు నడుమ స్టర్మీ-ఆర్చర్‌వారి గేరు ఉన్నచో దాని లోహపు గుల్లపై చిన్న అంకెలు కనబడును. 54 అని ఉన్నచో ఆ గేరు 1954లో తయారైనది. జపానువారి షిమానో భాగములలో రెండు రోమను అక్షరములు ఉండును. మొదటి అక్షరము సంవత్సరమును, రెండవది నెలను తెలుపును. సంవత్సరముల వరుస 1976తో మొదలగును. ఇటలీ దేశపు కాంపాగ్నోలోవారి పాత గేరు మార్పు పరికరములపై పేటెంటు అను మాట ప్రక్కన సంవత్సరపు చివరి రెండంకెలు కలవు. అయితే ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. చక్రము విరిగినప్పుడు యజమాని వేరొక చక్రమును తగిలించి యుండవచ్చును. గేరు వయస్సు గేరుదే కాని, సైకిలుది కానక్కరలేదు. ఫ్రేము సంఖ్య, రంగు, అంటింపులు, గేరు అన్నియు ఒకే కాలమును సూచించినపుడే నిర్ణయమునకు రావలెను. ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పుట తగదు.

గుర్తింపు ముగిసిన పిదప, ఆ సైకిలు ఎక్కదగినదా, కాదా అని పరీక్షింపవలెను. ఇది వేడుక కాదు. ప్రాణముతో కూడిన విషయము. వేగముగా దిగు వాలులో ముందరి ఫోర్కు విరిగినచో ఎక్కినవానికి రక్షణ లేదు. ఫోర్కు వెనుకకు వంగియున్నను, ముందరి గొట్టము దగ్గర ఫ్రేము అడుగున రంగు ముడుతలు పడియున్నను, ఆ సైకిలు ఎప్పుడో దేనినో బలముగా ఢీకొన్నదని అర్థము. ఫ్రేము వంకరను కనుగొనుటకు ఒక దారము చాలును. వెనుక ఇరుసు బిగించు చోట ఒక వైపున దారపు కొనను కట్టి, ముందరి గొట్టమును చుట్టించి, రెండవ వైపునకు తెచ్చి బిగువుగా కట్టవలెను. సీటు గొట్టమునకును, దారమునకును గల దూరము రెండు వైపులను సమానమైనచో ఫ్రేము సరిగానున్నది. పగులు కనబడిన ఫ్రేమును నిపుణునికి చూపవలెనే కాని, రంగుతో కప్పరాదు. కొన్ని సైకిళ్లు గోడకు అలంకారముగా ఉండుటకే తగును.

విడదీయునపుడు బలముకంటె తెలివి మేలు. ఎడమ పెడలు మర తక్కినవాటికి విరుద్ధముగా తిరుగును. ఇది తెలియక బలముకొలది త్రిప్పినవాడు దానిని మరింత బిగించినవాడగును. ఇంగ్లండు సైకిళ్లలో పెడళ్ల ఇరుసుకు కుడివైపునగల కప్పు కూడ అట్లే విరుద్ధముగా తిరుగును. ఇటలీ, పాత ఫ్రెంచి సైకిళ్లలో అట్లు కాదు. మరియొక చిక్కు కలదు. ఇంగ్లండునందలి తక్కిన కంపెనీవారు ఈ కప్పులకు అంగుళమునకు 24 మరచుట్లు వేయగా, రాలీవారు తమ సైకిళ్లకు 26 వేసిరి. ఒకదాని కప్పును మరియొకదానిలో బలవంతముగా దూర్చినచో రెండును చెడును. క్రాంకులను పట్టియుంచు కాటరు అను చీలను తీయునపుడు క్రాంకు క్రింద ఇనుప గొట్టము వంటి ఆధారమును ఉంచి కొట్టవలెను. లేనిచో సుత్తి దెబ్బ లోపలి గుండ్లకును, కప్పులకును తగులును. బిగిసిన మరలకు చొచ్చుకొనిపోవు నూనె పోసి రాత్రంతయు విడిచినచో, పగలంతయు కొట్టినను రానిది తెల్లవారుసరికి సులభముగా వచ్చును.

తుప్పు తీయుటకు పలు మార్గములు కలవు. క్రోమియము పూత గల భాగములను తడిపి, నలిపిన అల్యూమినియము రేకుతో రుద్దినచో తుప్పు వదలి మెరుపు వచ్చును. లోతుగా తుప్పుపట్టిన చిన్న భాగములను పలుచని ఆక్సాలిక్ ఆమ్లపు నీటిలో నానవేయుదురు. చుక్కకూర పులుపులో ఈ ఆమ్లము కొంచెముగా ఉండునుగాని, ఇట్లు వాడు శుద్ధమైన ఆమ్లము విషము. పెద్దల పర్యవేక్షణలో, చేతికి తొడుగులు వేసికొనియే ఈ పని చేయవలెను. పిదప భాగములను మంచి నీట కడిగి, ఆరబెట్టి, నూనె రాయవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును. కావున దానిని పొడిగా గీకి ధూళి పీల్చుట ప్రమాదకరము. రంగు ఎంతవరకు నిలిచియున్నదో అంతవరకు దానిని మెత్తని గుడ్డతో తుడిచి, మైనము పట్టించి కాపాడుటయే ఉత్తమము.

కూర్చునపుడు పాత కందెనను కిరోసినుతో కడిగి, గుండ్లను కొత్తవి వేయవలెను. గుంటలు పడిన గుండ్లు కప్పులను తినివేయును. స్టర్మీ-ఆర్చర్ గేరు మాత్రము తరచుగా మొరాయించునది పాడైనందున కాదు, లోపలి నూనె ఎండి గట్టిపడినందున. దానికి గల చిన్న రంధ్రమున నూనె పోసి కొంతసేపు త్రిప్పినచో పెక్కు గేర్లు మరల పనిచేయును. వీటిలో ప్రసిద్ధమైన మూడు గేర్ల రకమున, చైను తగులు పండ్లచక్రము ఒకసారి తిరుగగా చక్రము మొదటి గేరులో ముప్పాతిక చుట్టు, రెండవదానిలో ఒక చుట్టు, మూడవదానిలో ఒకటియు మూడవ వంతును చుట్లు తిరుగును. కాని తీగ బిగువు సరిగా లేనిచో రెండవ, మూడవ గేర్ల నడుమ ఏ గేరును పట్టక పెడలు వట్టిగా తిరుగును. ఆ క్షణమున నిలువబడి త్రొక్కుచున్నవాడు పడిపోవును. కావున తీగను సరిచేయక సైకిలు ఎక్కరాదు.

టైరు కొనునపుడును ఇట్టి మెలకువ కావలెను. లెంటన్ చక్రముల కొలత 26 × 1 1/4 అంగుళములు. సామాన్యపు సైకిళ్లలో పెక్కింటికి 26 × 1 3/8. రెండును 26 అనియే చెప్పబడినను, టైరు కూర్చుండు చోట రిమ్ము వ్యాసము మొదటిదానికి 597 మిల్లీమీటర్లు, రెండవదానికి 590. ఈ 7 మిల్లీమీటర్ల తేడావలన ఒకదాని టైరు రెండవదానికి పట్టదు. చైను అరుగుదలను కొలబద్దతో చూడవచ్చును. కొత్త చైనులో 24 లంకెల పొడవు సరిగా 12 అంగుళములు. అది అంగుళములో 16వ వంతు పెరిగినచో చైను మార్చవలెను. 8వ వంతు పెరిగినచో పండ్లచక్రములు కూడ అరిగియుండును. బ్రేకు కట్టలను, తీగలను మాత్రము పొదుపునకై పాతవానినే ఉంచరాదు. క్రోమియము పూసిన ఉక్కు రిమ్ములు వానలో తడిసినపుడు బ్రేకు సరిగా పట్టదను సంగతిని కూడ ఎక్కువాడు ఎరిగియుండవలెను.

ఇంత శ్రమపడి పాత సైకిలును నిలుపుటవలన ఫలమేమని కొందరు అడుగవచ్చును. ఇటలీలోని గయోలే ఇన్ కియాంటీ అను ఊర 1997 నుండి ‘లెరోయికా’ అను సైకిలు యాత్ర జరుగుచున్నది. 1987 వరకు తయారైన రోడ్డు సైకిళ్లే దానికి ప్రధానము. టస్కనీ ప్రాంతపు తెల్లని మట్టిబాటలను తారురోడ్లు మ్రింగివేయకుండ కాపాడవలెనను తలంపుతో అది ఆరంభమైనది. ఒకప్పుడు చెత్తలో కలియవలసిన సైకిళ్లు నేడు ఆ బాటలకు రక్షకులైనవి.

బాగుచేయుట ముగిసిన పిమ్మట మంచి పనివాడు ఒక కాగితమున ఏ భాగములు పాతవో, ఏవి కొత్తగా వేసినవో, ఆ సైకిలు ఎచ్చట దొరకినదో వ్రాసి భద్రపరచును. కొత్త భాగమును పాతదని చెప్పి అమ్ముట మోసము. ఉన్నది ఉన్నట్లు వ్రాసియుంచుట తరువాతివారికి చేయు ఉపకారము. ఏలయన, చక్కగా కాపాడిన సైకిలు దానిని బాగుచేసినవానికంటెను ఎక్కువ కాలము నిలిచి, మరియొకరి చేతికి పోవును. వారును మొదట దానిని చదువవలసినవారే.