జావా భాషయందు ప్రమేయములు



నాగర్‌కర్నూలు జిల్లాలోని మా తెలకపల్లి నుండి హైదరాబాదునకుఁ బోయి ఇంజినీరింగు చదువు పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు జావా అను కంప్యూటరు భాషను గూర్చి మాటలాడుకొనుచుందురు. ల్యాంబ్డా, స్ట్రీము, మ్యాపు, ఫిల్టరు అను పదములు వారి నోట వినవచ్చును. ఉద్యోగపు పరీక్షలో అడుగుదురని వానిని కంఠస్థము చేయుదురు. అవి ఆ భాషలోనికి ఏల వచ్చినవని యడిగినచో ఊరకుందురు. ఆ ప్రశ్నకు సమాధానమే యీ ప్రసంగము.

జావాను సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1995లో లోకమునకు వెల్లడించిరి. దానిని నిర్మించినవారిలో ముఖ్యుఁడు జేమ్స్ గోస్లింగ్. ఇది వస్తుప్రధానమైన భాష. అనఁగా విద్యార్థి, రిజిస్టరు, ఖాతా మొదలగునవి ఒక్కొక్క వస్తువు. ప్రతి వస్తువునకు తనదైన స్థితి యొకటియు, దానిని మార్చెడి క్రియలు కొన్నియు నుండును. విద్యార్థి యను వస్తువునందు మార్కులు 34 ఉండఁగా ఒక క్రియ వానిని 36 చేయును. పాతది పోయి క్రొత్తది నిలుచును.

ప్రమేయము అట్టిది కాదు. మన గణితపుస్తకములలోని ప్రమేయమే యిది. వ్యాకరణము చదివినవారికి దీని స్వభావము క్రొత్త గాదు. రాముఁడు అను పదమునకు అతఁడు అనునది పరమైనచో రాముఁడతఁడు అగును. ఉదయమున సంధి చేసినను రాత్రి చేసినను, తెలకపల్లిలోఁ జేసినను వనపర్తిలోఁ జేసినను ఫల మొక్కటే. సంధి చేసినంత మాత్రమున నిఘంటువులోని రాముఁడను పదము తుడుచుకొనిపోదు. ఇచ్చినదానిని చెఱుపక క్రొత్తదానిని పుట్టించుట, ఒకే దానికి ఎల్లప్పుడును ఒకే ఫలము నిచ్చుట, ఈ రెండును ప్రమేయధర్మములు. అమెరికా తార్కికుఁడైన అలొంజో చర్చ్ 1930ల దశకమున ఇట్టి ప్రమేయములను వ్రాయుటకు ల్యాంబ్డా అను గ్రీకు అక్షరమును వాడెను. జాన్ మెకార్తీ 1958లో ఆరంభించిన లిస్ప్ భాషలో ప్రమేయములకు పెద్దపీట దొరకినది. జావాలోనికి ల్యాంబ్డాలు 2014 మార్చి నెలలో, ఎనిమిదవ కూర్పుతో వచ్చినవి.

వాని యవసర మేమి? ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున చిప్పుల వేగమును పెంచుట దుష్కరమై, తయారీదారులు ఒక్క చిప్పులోనే రెండు, నాలుగు కోర్లను పెట్టసాగిరి. అనఁగా ఒక్క గుమాస్తా యున్న చోట నలుగురు కూర్చుండిరి. రిజిస్టరు మాత్రము ఒక్కటే. పరీక్ష తప్పినవారి లెక్క అందు 12 అని యుండఁగా, ఇద్దఱు గుమాస్తాలు ఒక్కమాఱే చూచి, ఎవరికి వారు ఒకటి కలిపి 13 అని వ్రాసిరనుకొనుఁడు. ఉండవలసినది 14. ఒక పిల్లవాఁడు లెక్కనుండి జారిపోయెను. ప్రత్యేక తరగతిలో వానికి చోటు లేదు. గుమాస్తాల కూడిక సరియైనదే. మారుచుండెడి వస్తువును ఇద్దఱు పంచుకొనుటలోనే దోషమున్నది. తాళము పెట్టి ఒకరి తరువాత ఒకరిని రానిచ్చుట ఒక యుపాయము. కాని తక్కినవారు వాకిట వేచియుండవలెను. ఉన్నదానిని మార్పకుండుట రెండవ యుపాయము.

జావా కర్తలు వస్తువులను విడువలేదు. ఒకే క్రియను కోరు ఇంటర్‌ఫేసు ఎక్కడ నుండునో అక్కడ పేరులేని ప్రమేయము నుంచవచ్చునని యేర్పఱచిరి. అదియే ల్యాంబ్డా. అంతకు ముందు పేరులేని క్లాసు నొకదానిని కొన్ని పంక్తులలో వ్రాయవలసివచ్చెడిది. ఇప్పుడు విద్యార్థి అని వ్రాసి, బాణపు గుర్తు పెట్టి, మార్కులు 35 కంటె తక్కువ అని వ్రాసినఁ జాలును.

ఇఁక స్ట్రీము. మన ప్రాంతపు కల్వకుర్తి ఎత్తిపోతల పథకమున కృష్ణాజలము ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూఁడు మజిలీలలో పైకెక్కి వచ్చును. స్ట్రీమునందు విద్యార్థుల పట్టికయు నట్లే మెట్టు మెట్టుగా సాగును. మొదట ఫిల్టరు 35 రానివారిని ఏఱును. పిదప మ్యాపు ఒక్కొక్క విద్యార్థికి బదులు వాని పేరు నిచ్చును. కడపట ఆ పేర్లను క్రొత్త పట్టికగాఁ గూర్చుదురు. కడపటి మెట్టు లేనిచో మొదటి మెట్టు కదలనే కదలదు. పొలమున నీరు పెట్టువాఁడు లేక పంపు నడపనట్టిదే యిది. ఒక భేదము కలదు: తోడినకొలఁది నదిలో నీరు తగ్గును, స్ట్రీము నడచినను మూలపట్టిక యట్లే యుండును. ప్యారలల్ అను స్ట్రీమును కోరినచో పని కోర్లకుఁ బంచఁబడును. ఒక్కొక్కటి తన భాగమును ముగింపఁగా ఫలములు కడపటఁ గూడును.

ఇచ్చట నొక హెచ్చరిక. ల్యాంబ్డా తన చుట్టునున్న స్థానిక చరరాశిని వాడుకొనవచ్చును గాని, దానికి మఱల విలువ నిచ్చుటకు కంపైలరు ఒప్పదు. ఐనను ఆ చరరాశి చూపెడి వస్తువు లోపలి భాగమును మార్చినచో కంపైలరు అడ్డుపడదు. ప్యారలల్ స్ట్రీములో నుండి వెలుపలి సామాన్యపు పట్టికలోనికి పేర్లు చేర్చువారు ఆ గుమాస్తాల దోషమునే మఱల తెచ్చుకొనుచున్నారు. 2017లో వచ్చిన తొమ్మిదవ కూర్పునందు మార్పరాని పట్టికలను సులువుగాఁ గట్టు మార్గమును, 2021లో వచ్చిన పదునాఱవ కూర్పునందు రికార్డు అను, అంగములకు మఱల విలువ నీయరాని వస్తువులను స్థిరముగాఁ జేర్చిరి. సాధనములు భాష యిచ్చినది. నియమమును పాటించుట వ్రాయువాని పని.

కావున, విద్యార్థులారా, ఆ పేర్లను వల్లించుటకు ముందు మీరు వ్రాసిన ప్రతి పంక్తినిఁ జూచి యొక్క ప్రశ్న వేసికొనుఁడు: ఇది ఉన్నదానిని మార్చుచున్నదా, క్రొత్తదాని నిచ్చుచున్నదా? మార్చుచున్నచో, ఆ వస్తువును ఇంకెవ్వరు చూచుచున్నారు? ఈ రెంటికి సమాధానము తెలిసిన పిల్లవాఁడు పరీక్షకుల యెదుట తడబడఁడు. వాని లెక్కనుండి ఏ పిల్లవాఁడును జారిపోఁడు.