టేకులపల్లికి మంచు వస్తుందా?

టేకులపల్లి పేరులోనే టేకు ఉన్నది. ఇల్లెందుకూ కొత్తగూడేనికీ నడుమ, ఖమ్మం మైదానం సన్నగిల్లి భద్రాచలం వైపు అడవులు చిక్కబడే చోట ఉన్న ఊరది. టేకు చెట్టుకొక స్వభావం ఉన్నది. ముదిరిన తరువాత అది ఎండకూ వానకూ వెరవదు గాని, లేత వయస్సులో నీరు గడ్డకట్టే చలిని మాత్రం సహించలేదు, చిగుళ్లు మాడిపోతాయి. తరతరాలుగా టేకు తనంత తాను మొలిచి పెరుగుతున్న నేలమీద అంతటి చలి సామాన్యంగా పడదని ఏ యంత్రమూ లేకుండానే చెప్పవచ్చు.

అయినా డిసెంబరు మాసం రాగానే తెలంగాణమంతటా కొందరు యువకులకు ఒక వింత ఆశ కలుగుతున్నది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం వారు మండలాలలో నెలకొల్పిన స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నవి. తెల్లవారగానే వాటి కనిష్ఠ ఉష్ణోగ్రతలను వీరు పోల్చి చూచుకుంటారు. నిన్న పది డిగ్రీలైతే నేడు ఎనిమిది; ఎనిమిదైతే రేపు ఆరు కారాదా? ఆరు నుండి సున్నకు ఎంత దూరం? సున్నకు చేరితే మంచు కురవదా? ఈ లెక్కలో ఉత్సాహమూ ఉన్నది, ఒక పొరపాటూ ఉన్నది. ఆ పొరపాటును విడదీసి చూస్తే వాతావరణ శాస్త్రంలో సగం పాఠం దొరుకుతుంది.

మొదటి చిక్కు మన భాషలోనే ఉన్నది. తెల్లవారుజామున గడ్డిమీద నిలిచే నీటిబొట్టు మనకు మంచే. దారి కనపడకుండా కమ్మేది పొగమంచు. ఆకుమీద తెల్లగా పేరుకొనే గడ్డ మంచే, హిమాలయాలపై దూదివలె రాలేదీ మంచే. సంస్కృతంలో ఇన్ని మాటలున్నవి గదా అంటే, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అన్నవాటిని అమరకోశం పర్యాయపదాలుగా ఒకేచోట చేర్చి ఊరుకున్నది. ఈ వ్యాసంలో ఆకులపై గడ్డకట్టేదానిని తుషారమనీ, మేఘం నుండి రాలేదానిని హిమమనీ అందాము. ఉపాధ్యాయులు తరగతిలో ఈపాటి కట్టుబాటు చేసుకొనకపోతే పిల్లలకు పత్రికలలో వచ్చే వార్త ఒక్కటీ అర్థం కాదు.

లంబసింగి కథ అటువంటిదే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామానికి ఆంధ్ర కాశ్మీరమని పేరు వచ్చింది. శీతకాలంలో వేలకొలది జనులు హిమపాతం చూడాలని అక్కడికి వెళుతున్నారు. వారు చూచేది దట్టమైన పొగమంచు. అదృష్టం బాగుంటే, చలి బాగా ముదిరిన ఉదయాన గడ్డిపై తుషారం. అది తక్కువ అందమైనదేమీ కాదు. కాని అది ఆకాశం నుండి రాలలేదు, నేలపైననే పుట్టింది. రెండువేల రెండువందల మీటర్ల ఎత్తున ఉన్న ఉదకమండలంలో సైతం జనవరిలో తోటలను తెల్లబరచేది తుషారమే. ఇక రెండు మూడు వందల మీటర్లకు మించని టేకులపల్లి సంగతి చెప్పనక్కరలేదు.

మరి ఈ చలి ఎక్కడి నుండి వస్తుంది? మధ్యధరా సముద్రపు దిక్కున పుట్టి, ఇరాను, ఆఫ్ఘనిస్తానాల మీదుగా వాయుసుడులు తూర్పునకు సాగుతాయి. వీటిని పశ్చిమ అలజడులంటారు. అవి కాశ్మీర, హిమాచల పర్వతాలను తాకి అక్కడ హిమం కురిపించి దాటిపోతాయి. వాటి వెనుక పొడిగాలి దిగుతుంది. గుల్మర్గులో హిమం పడిందన్న వార్త చదివిన ఔత్సాహికుడు తరువాతి దినాలలో ఢిల్లీని చూస్తాడు, పిదప నాగపురాన్ని, ఆ పిదప ఆదిలాబాదును. ఒక్కొక్క ఊరి కనిష్ఠం తగ్గుతూ వస్తుంటే, ఉత్తరాన బయలుదేరిన బంధువు మజిలీ మజిలీ నుండి కబురు పంపుతున్నట్లే ఉంటుంది. చివరకు ఆ గాలి గోదావరి లోయ పట్టుకొని ఇల్లెందు అడవులకు చేరుతుంది. ఆ రాత్రి ఆకాశంలో మబ్బుతునక ఉండదు. నేల పగలు దాచుకొన్న వేడినంతా నక్షత్రాలవైపు వదిలివేస్తుంది. బరువైన చల్లగాలి మిట్టలపై నిలువక పల్లాలకు జారుతుంది. అందుకే అడవి నడుమ పొలాలలో, వాగు ఒడ్డున, పట్టణంలో కంటె చలి హెచ్చు.

పాఠశాలలో దీనిని కొలవడం కష్టం కాదు. వాతావరణ కేంద్రాలు ఉష్ణమాపకాన్ని గాలి ఆడే చెక్కపెట్టెలో సుమారు నాలుగడుగుల ఎత్తున ఉంచుతాయి. మరొక ఉష్ణమాపకాన్ని గడ్డిమీద ఆరుబయట పెట్టి చూడండి. నిర్మలమైన రాత్రి గడిచాక అది పెట్టెలోనిదాని కంటె కొన్ని డిగ్రీలు తక్కువ చూపుతుంది. కేంద్రంలో మూడు డిగ్రీలని వ్రాసిన ఉదయాన సమీపంలో తుషారం కనపడటంలో మాయ ఏమీ లేదని పిల్లలే గ్రహిస్తారు.

ఇక అసలు చిక్కు. హిమం కురవడానికి చలి ఒక్కటే చాలదు, మేఘం కావాలి. మనకు శీతకాలంలో మేఘం తెచ్చేది బంగాళాఖాతం. అక్కడ అల్పపీడనం ఏర్పడి తూర్పుగాలి తేమను మోసుకొని వస్తే ఆకాశం మూసుకొంటుంది. మూసుకొన్న ఆకాశం నేలకు కంబళి కప్పినట్లే. రాత్రి ఉష్ణోగ్రత తగ్గవలసింది పోయి పెరుగుతుంది. చలి వచ్చిన రాత్రి తేమ ఉండదు, తేమ వచ్చిన రాత్రి ఆ చలి ఉండదు. టేకులపల్లిలో ఈ రెండూ ఒకరి ముఖం ఒకరు చూడని సవతుల వంటివి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు కోస్తాలోనూ తెలంగాణంలోనూ జనులు పట్టపగలు వణికిపోయినారు. అది వానగాలి తెచ్చిన పగటి చలి. సూర్యుడు కనపడకపోవడం వల్ల కలిగిన చలి. దానిని చూచి హిమం దగ్గర పడిందని భ్రమించడానికి వీలులేదు. ఆ మేఘాల క్రింద గాలి, నీరు గడ్డకట్టే స్థితికి ఎంతో దూరాన ఉన్నది.

అయితే ఆశపడిన వారిని పూర్తిగా నిరాశపరచడం న్యాయం కాదు. టేకులపల్లి మీద హిమం పడుతూనే ఉన్నది, శీతకాలంలో కాదు, ఆషాఢ శ్రావణాలలో. నేలనుండి సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటితే మన వానకాలపు ఆకాశంలోనూ నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. ముసురు పట్టినప్పుడు ఆ ఎత్తున మంచు పలుకులు పుట్టి, ఒకదానికొకటి అంటుకొని రాలుతాయి. ఆ మట్టం దిగగానే కరిగి చినుకులవుతాయి. రాడారు తెరమీద ఆ కరిగే పొర మెరిసే పట్టీవలె కనపడుతుంది. మన పైరు తడిపే వానలో ఎంతో భాగం దారిలో కరిగిపోయిన హిమమే. వేసవి గాలివానలో వడగండ్లు మాత్రం కరగకుండా నేలదాకా వస్తాయి, మామిడి పిందెలు రాల్చడానికి.

మేఘాలను విడిచి ఇక నేల అడుగుకు పోదాము. టేకులపల్లి పొరుగుననే ఉన్న ఇల్లెందు ప్రాంతంలో 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొన్నాడు; సింగరేణి గనుల చరిత్ర అక్కడ మొదలయింది. గోదావరి లోయలో ఆ బొగ్గుపొరలకు అడుగున మరొక పాతపొర ఉన్నది. దానిని తాల్చేరు పొర అంటారు. ఒడిషాలోని తాల్చేరు వద్ద 1856 ప్రాంతాన విలియం బ్లాన్‌ఫర్డ్, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అనే అన్నదమ్ములు, థియోబాల్డ్ అనే సహచరుడు ఆ పొరను పరిశీలించి ఆశ్చర్యపడ్డారు. మెత్తని బురదరాతిలో పెద్ద పెద్ద బండలు పొదిగి ఉన్నవి. బురద పేరుకొనేటంత నెమ్మదిగా ఉన్న నీరు అంతటి బండలను మోయలేదు. మోసుకొని వచ్చింది మంచుగడ్డ కావాలని వారు తేల్చారు. ఉష్ణమండలంలో, సముద్రమట్టానికి దగ్గరగా మంచా అని సందేహించిన వారున్నారు. తరువాత చంద్రపూర్ సమీపాన ఇరాయి వద్ద, కదిలే మంచు గీచిన గీతలు, నునుపు చేసిన రాతినేల కనపడినవి. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రిందట ఈ భూభాగం దక్షిణ ధ్రువానికి సమీపంలో ఉన్నదనీ, హిమానీనదాలు దీనిపై కదిలినవనీ నేడు అందరూ అంగీకరిస్తారు. హిమానీనదం పుట్టేది కురిసిన హిమం ఏళ్ల తరబడి పేరుకొని గట్టిపడటం వల్లనే. మన యువకులు ఎదురుచూచే హిమం ఈ లోయలో ఒకప్పుడు కావలసినంత కురిసింది. వారే కొంత ఆలస్యంగా పుట్టారు!

ఆ అన్నదమ్ములలో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ కథ అక్కడితో ఆగలేదు. రాళ్లలోని మంచును చదివినవాడే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధిపతి అయినాడు. మరుసటి ఏడే దక్షిణాపథాన్ని మహాక్షామం పట్టింది. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది దానినే. వాన రాకపోవడాన్ని ముందుగా తెలుసుకోలేమా అన్న ప్రశ్న ప్రభుత్వం ముందు నిలిచింది. బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల వైపు చూచాడు. శీతకాలంలోనూ వసంతంలోనూ అక్కడ హిమం అధికంగా పడిన ఏడు నైరుతి వానలు బలహీనపడుతున్నవని అతనికి తోచింది. తెల్లని హిమం ఎండను తిప్పికొడుతుంది. మిగిలిన వేడి దానిని కరిగించడానికే ఖర్చవుతుంది. నేల కాగవలసినంత కాగదు. సముద్రపు గాలిని లాగే బలం తగ్గుతుంది. 1884లో ఈ భావాన్ని ప్రకటించి, 1886 జూన్ 4న దేశానికి మొదటి దీర్ఘకాలిక వర్షసూచన వెలువరించాడు.

హిమం ఒక్కటే కారణం కాదని తరువాతి వారు గ్రహించారు. గిల్బర్టు వాకరు పసిఫిక్ మహాసముద్రం దాకా వెతికాడు. బ్లాన్‌ఫర్డ్ చెప్పిన సంబంధం కొన్ని దశాబ్దాలలో నిలిచింది, కొన్నింటిలో సడలింది. అయినా పూర్తిగా కొట్టివేయబడలేదు. ఇటీవలి సంవత్సరాలలో ఏప్రిలులో వాతావరణ శాఖ వారు ప్రకటించే వర్షసూచనలో యూరేషియా ఖండంపై జనవరి నుండి మార్చి వరకు హిమం ఎంత మేర పరచుకొన్నదీ ఒక వాక్యం ఉంటున్నది. తక్కువ ఉంటే మనకు మేలన్నమాట.

టేకులపల్లి చుట్టూ చెరువునీరు అందని చేలు ఎన్నో ఉన్నవి. అక్కడ ప్రత్తి గింజ, జొన్న గింజ తొలకరి కోసం కాచుకొని ఉంటాయి. అక్కడి పాఠశాలలో ఒక పిల్లవాడు జనవరి ఉదయాన కనిష్ఠ ఉష్ణోగ్రతను నోటు పుస్తకంలో వ్రాసి, దాని ప్రక్కన ఆనాడు కాశ్మీరంలో హిమం పడినదీ లేనిదీ కూడ వ్రాసి ఉంచితే, జూన్‌లో బడి తెరిచిననాడు అదే పుస్తకంలో తొలివాన తేదీ చేర్చవచ్చు. పదేళ్ల పుస్తకాలు పోగైన బడిలో బ్లాన్‌ఫర్డ్ మాట ఎంతవరకు నిజమో పిల్లలే వాదించుకోగలుగుతారు.