ఆ గడిలో ఏం రాయాలి?

డిగ్రీ పట్టా చేతికందాక దళిత క్రైస్తవ యువత విశ్వాసానికి అసలు పరీక్ష దరఖాస్తు ఫారంలోనే ఎదురవుతోంది

పట్టభద్రుల కోసం చర్చిల్లో జరిగే ప్రార్థనల్లో పాస్టర్లకు ఇష్టమైన కథ దానియేలుది. బబులోను రాజు కొలువులో చదువు, ఉద్యోగం సంపాదించినా దేవుణ్ణి విడవని యువకుడతను. లోకం ఎలా ఉన్నా మీరూ అలాగే నిలబడండని హితవు చెబుతారు. యువతీయువకులు ఆమెన్ అంటారు. మర్నాడు ఉద్యోగ దరఖాస్తు నింపేటప్పుడు, మతం అన్న గడి దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది.

కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువులు కానివారిని షెడ్యూల్డ్ కులాల వారిగా గుర్తించరాదని అది నిర్దేశించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు దక్కింది. క్రైస్తవులకు, ముస్లింలకు దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉండగా, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను, వారి సంతానాన్ని బీసీ-సిలో చేర్చి 1 శాతంతో సరిపెట్టారు. మతం మారినా పల్లె చివరి ఇల్లు మారలేదు. మారిందల్లా సర్టిఫికెట్టే.

అందుకే రెండు పేర్లు పుట్టుకొచ్చాయి. బడి రికార్డులో ఒకటి, బాప్తిస్మంలో మరొకటి. దాని ఫలితం జనాభా లెక్కల్లోనూ కనిపిస్తుందని పరిశీలకులు అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1971లో 4 శాతం దాటిన క్రైస్తవులు 2011 నాటికి 1.34 శాతానికి తగ్గారు. పల్లెపల్లెనా చర్చిలు పెరిగిన కాలమది.

ఇప్పుడు ఈ సర్దుబాటు ప్రమాదకరంగా మారింది. పుదుచ్చేరిలో ఎస్సీ కోటాలో గుమాస్తా ఉద్యోగం కోరిన ఒక యువతి కేసులో, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. క్రైస్తవుడిగా మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో తీర్పు చెప్పింది.

దానియేలుకూ బెల్తెషాజరు అనే రెండో పేరుంది కదా అని వాదించే కుర్రాళ్లున్నారు. నిజమే, రాజు పెట్టిన పేరును అతను కాదనలేదు. కానీ ప్రార్థనపై నిషేధం వచ్చినప్పుడు కిటికీలు మూసుకోలేదు. పేరు విషయంలో సర్దుకోవచ్చు, నమ్మకాన్ని దాచుకోవడం వేరే సంగతి. కథలో పాస్టర్లు నొక్కి చెప్పాల్సింది ఇదే.

అయితే ఉపదేశం ఒక్కటే చాలదు. ఈ నేలమీదే ఒక ఉదాహరణ ఉంది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి ఇప్పించాడు. పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది అతని పట్టుదల. పనులు ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే ఆ పెద్దలు మతంలోకి వచ్చింది కూలి ఆగిపోయాక. క్లౌ నిజాయితీని కోరడమే కాదు, ముందు వారి ఆకలి సంగతి చూశాడు.

నేటి సంఘాలు ఆ రెండో సగాన్ని మరచిపోతున్నాయి. నిజం రాసిన పట్టభద్రుడు పోగొట్టుకునేది సీటు, ఉద్యోగం, చట్టరక్షణ. రిజర్వేషన్ అవసరం లేని అగ్రకుల క్రైస్తవుడికి ఈ పరీక్షే లేదు. కనుక కోచింగ్ ఫీజు, హాస్టల్, న్యాయసహాయం సంఘం భుజాన వేసుకోవాలి. చట్టం మార్పు కోసం బాహాటంగా అడగాలి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మార్పునే సిఫార్సు చేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. ఈ ప్రశ్నను పరిశీలించేందుకు కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది.

అంతదాకా ఆ గడిని నిజంతో నింపే యువత కొందరున్నారు. వారికి చప్పట్లకన్నా ఫీజు రసీదు ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.