క్రొత్త వ్యవస్థకు ముందు యంత్రపరీక్ష

ఎడ్ల సత్తువ చూడక బస్తాలు వేసిన బండి ఎగుడుదారిలో నిలిచిపోవును. కంప్యూటరు సంగతియు నట్టిదే. దాని భాగములన్నింటిని నడుపు మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మైక్రోసాఫ్టు సంస్థ 2015లో వెలువరించిన విండోస్ 10కు సాధారణ సహాయకాలము 2025 అక్టోబరు 14తో ముగిసినది. 2021లో వచ్చిన విండోస్ 11కు మారదలచిన వారిలో పలువురకు తమ యంత్రము తగదను సమాధానము లభించినది. ఆ మాట వినగానే యంత్రమును పాతసామానుల వాని కప్పగించుట తొందరపాటు.

ఏ భాగము తగదో తెలిసికొనుటకు ఆ సంస్థయే పి.సి. హెల్త్ చెక్ అను సాధనమును ఉచితముగా నిచ్చినది. ర్యామ్ 4 జి.బి., నిల్వస్థలము 64 జి.బి. ఉండవలెనని నియమము. 4 జి.బి.తో యంత్రము నడచుననుటకంటె ఈడ్చుకొని పోవుననుట సత్యము. ర్యామ్‌ను పెక్కు యంత్రములలో పెంచుకొనవచ్చును. ప్రాసెసరు సంగతి యట్లు కాదు. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలవరకు ఎనిమిదవ తరమువియు, ఆ తరువాతివియు మాత్రమే అంగీకృతములు.

అసలు చిక్కు టి.పి.ఎమ్. వద్ద కలదు. రహస్యపు తాళపుచెవులను భద్రపరచు విభాగమునకు ఇది పేరు. కొన్ని యంత్రములలో ఇది వేరు చిప్పుగా నుండును. మరికొన్నింటిలో ప్రాసెసరునందే ఇమిడియుండును. విండోస్ 11కు దీని 2.0 రూపము కావలెను. యంత్రము దానిని కానరాదని చెప్పినను, లేదని నిశ్చయింపరాదు. ఇంటిలో దీపముండియు మీట వేయనిచో చీకటియే గదా! యంత్రమును ఆన్ చేయగనే తెరచుకొనదగిన బయోస్ అమరికలలో అది ఆపివేయబడి యుండవచ్చును. ఇంటెల్ యంత్రములలో పి.టి.టి. అనియు, ఎ.ఎమ్.డి. యంత్రములలో ఎఫ్‌.టి.పి.ఎమ్. అనియు దాని పేరుండుటచే చూచినవారును గుర్తింపలేకపోవుట కలదు. సెక్యూర్ బూట్ అను అమరికయు అచ్చటనే యుండును.

అయితే ఒక జాగ్రత్త. డిస్కు బిట్‌లాకర్‌తో బంధింపబడియున్నచో ఈ అమరికలు మార్చిన పిమ్మట యంత్రము 48 అంకెల రికవరీ కీని అడుగవచ్చును. అది లేనివారికి తమ ఛాయాచిత్రములు, పత్రములు తమకే అందవు. కావున ఆ అంకెలను ముందే కాగితముపై వ్రాసికొని, ముఖ్యమైన వానినన్నింటిని వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను. పాతడిస్కు టకటకమని శబ్దము చేయుచున్నచో నకలు తీయుటయే మొదటిపని. నడుమ కరెంటు పోకుండ ల్యాప్‌టాప్‌ను చార్జరుకు తగిలించి యుంచవలెను.

ఇంత చూచినను ప్రాసెసరే తగనిచో, లైనక్స్ వ్యవస్థలలో తేలికవానిని ఎన్నుకొనవచ్చును. వానిని పెన్‌డ్రైవ్ నుండియే నడిపి, తెర, శబ్దము, వై-ఫై పనిచేయుచున్నవో లేదో డిస్కును ముట్టక ముందే పరీక్షింపవచ్చును.