మోడెం దీపాలు ఏం చెబుతున్నాయి?

ఐఐటీ ఢిల్లీని ఆనుకుని ఉన్న జియా సరాయ్‌లో ఇరుకు సందులు, పుస్తకాల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, మేడల నిండా అద్దె గదులు. గేట్‌కో, నెట్‌కో చదవడానికి వెళ్లిన మన పిల్లలు ఇలాంటి చోట్లే ఉంటారు. పదింటికి ఆన్‌లైన్ మాక్ టెస్టు ఉందనగా కరెంటు పోయి వస్తుంది. “నాన్నా, నెట్ రావట్లేదు” అని ఫోను. “ఆఫ్ చేసి ఆన్ చెయ్యరా” అంటాం. ఒకసారి చేస్తే సరే. నిమిషానికోసారి చేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

కేబుల్ టీవీ తీగతో వచ్చే నెట్ అయితే, మోడెం ముందుగా వింటుంది. తీగలోని అనేక ఛానెళ్లలో డేటా ఛానెల్ ఏదో వెతుకుతుంది. అది దొరికితే డౌన్‌స్ట్రీమ్ దీపం నిలకడగా వెలుగుతుంది. కంపెనీ వైపున ఉండే సీఎంటీఎస్ అనే యంత్రం, ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో ఎప్పుడు మాట్లాడాలో ఆ ఛానెల్‌లోనే ప్రకటిస్తూ ఉంటుంది.

అసలు కష్టం తిరిగి మాట్లాడటంలో ఉంది. మోడెం మొదట మెల్లగా పిలుస్తుంది. జవాబు రాకపోతే గొంతు పెంచుతుంది. వినబడగానే సీఎంటీఎస్, “శక్తి ఇంత మార్చు, ఇంత ముందుగా పంపు” అని సరిదిద్దుతుంది. ఒకే తీగ మీద ఎన్నో ఇళ్లు ఉంటాయి, ఒక్కో ఇల్లు ఒక్కో దూరంలో ఉంటుంది. ఈ సర్దుబాటు లేకపోతే ఒకరి మాట మరొకరి మాట మీద పడుతుంది. దీన్ని రేంజింగ్ అంటారు. కరెంటు రాగానే పేటలోని మోడెంలన్నీ ఒక్కసారే పిలుస్తాయి. పింఛన్ల రోజు మన కౌంటరు గుర్తు తెచ్చుకోండి! మాటలు ఢీకొంటే ఒక్కో మోడెం కాస్త ఆగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ సమయంలో స్విచ్ ఆపితే వరుసలోంచి బయటికొచ్చినట్టే.

ఇంకో సంగతి. ఒక తీగను రెండుగా చీల్చే ప్రతి స్ప్లిటర్ దగ్గరా సిగ్నల్ శక్తి సగానికి పడిపోతుంది. గది గదికీ తీగ లాగిన మేడలో మోడెం ఎంత అరిచినా అవతలికి వినబడకపోవచ్చు. అప్‌స్ట్రీమ్ దీపం ఆగకుండా మిణుకుతుంటే తీగ, కనెక్టరు, స్ప్లిటర్ చూడాలి. రీస్టార్ట్‌తో లాభం లేదు.

ఆ తర్వాతది మనకు తెలిసిన తంతే. మోడెంకు ఐపీ అడ్రసు, ఒక కాన్ఫిగరేషన్ ఫైలు వస్తాయి. మన ప్లాను వేగం ఆ ఫైలులోనే ఉంటుంది. దాన్ని దిద్ది వేగం పెంచుకుందామంటే కుదరదు. స్పెసిమెన్ సంతకం సరిచూసినట్టు, ఫైలుకున్న రహస్య ముద్రను సీఎంటీఎస్ సరిచూస్తుంది. సరిపోతేనే రిజిస్ట్రేషన్, ఆపైన ఆన్‌లైన్ దీపం. 1997లో అమెరికాలో వచ్చిన డాక్సిస్ ప్రమాణం నాటి నుంచీ స్థూలంగా ఇదే వరుస.

ఏపీ ఫైబర్‌నెట్ లాంటి ఫైబర్ కనెక్షన్లలోనూ పెట్టె రేంజింగ్ చేస్తుంది, కాకపోతే కాంతితో. అక్కడ ఎర్ర దీపం వెలిగితే కాంతి అందడం లేదని అర్థం.

ఈసారి ఫోనొస్తే ముందు ఏ దీపం మిణుకుతోందో అడగండి. కంప్లయింటులో అదే మాట చెప్పమనండి. టెస్టు మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టమనండి.